తలకిందుల పాఠం

చిత్తూరు జిల్లా నగరిలో మగ్గాల వీధి మొత్తానికి పుస్తకం ఉన్న ఇల్లు కుప్పయ్య ఇల్లొక్కటే. ఆ సంగతి ఎవరూ అడగనక్కర్లేదు, ఆయనే చెప్తాడు. కంట్రోలు ధరకిచ్చే నూలు కోసం వరసలో నిలబడ్డవాళ్లకు చెప్పాడు. గడ్డం గీయడానికొచ్చిన మంగలికి చెప్పాడు. దారి తప్పి ఆ వీధిలోకి వచ్చిన గాజులమ్మే మనిషిని కూడా వదల్లేదు.

"మా ఇంట్లో సరస్వతి కూసోనుండాదప్పా. వచ్చి సూసి పో," అని పిలిచేవాడు. వచ్చినవాళ్లు చెప్పులు గడప అవతల విడిచి, దేవుడి గూట్లోకి తొంగిచూసి, దండం పెట్టుకుని పోయేవాళ్లు. పుస్తకం పేరేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడం కుప్పయ్యకూ కష్టమే, ఎందుకంటే ఆయనకు అక్షరమ్ముక్క రాదు.

అది మూడో తరగతి తెలుగు వాచకం. అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. నూలుకు కరువు, కిరసనాయిలుకు కరువు, కాగితానికి మరీ కరువు. బళ్లో ముగ్గురు నలుగురు పిల్లలకు కలిపి ఒక పుస్తకం ఉంటే అదే గొప్ప. అలాంటి రోజుల్లో కుప్పయ్య నేసిన చీరలు అప్పగించడానికి చిత్తూరు పోయి, అంగడంగడీ తిరిగి, ఒకచోట మిగిలిన ఒకే ఒక పుస్తకాన్ని పట్టాడు. కొత్త తువ్వాలులో చుట్టి గుండెకు హత్తుకుని, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సెక్కాడు. ఆ బస్సు ఎత్తు వచ్చినచోటల్లా ఆగిపోయేది. మగవాళ్లంతా దిగి తోశారు, కుప్పయ్య మాత్రం సీట్లోంచి కదల్లేదు. కండక్టరు కేకలేస్తే, "నేను దిగితే సరస్వతిని యాడ పెట్టేదప్పా? బండి కిందా?" అని ఎదురు కసురుకున్నాడు.

ఇంత భక్తి ఊరికే పుట్టలేదు. కుప్పయ్యను చిన్నప్పుడే తండ్రి, కూర్చుని నేసే మగ్గం గుంటలోకి దింపాడు. బడి ఆ వీధి చివరే. పొద్దున్నే పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే ఆ అరుపు గుంటలోకి స్పష్టంగా వినపడేది. వినపడే దూరంలోనే ఉంది బడి, పోవడానికి మాత్రం వీల్లేదు. పోగుల మధ్య నూలు దూర్చే నాడెను అటూ ఇటూ విసురుతూ పెదాలు కదిపేవాడు. ఆ చిన్నప్పటి బాధ పెళ్లయినా, బిడ్డ పుట్టినా కుప్పయ్యకు తీరలేదు.

అందుకే కూతురు తిరుమలను బళ్లో వేస్తానని పట్టుబట్టాడు. తల్లి దేవకమ్మ అడ్డం తిరిగింది.

"ఆడబిడ్డకు సదువేందిరా? నూలు కండెలు ఎవురు సుడతారు? నా కండ్లకు పోగు ఆనడంలే, నీకు తెలవదా?"

"పొద్దున కొంచేపు, సాయంత్రం కొంచేపు సుడతాదిలే మా."

దేవకమ్మ చాలాసేపు గొణిగి, చివరికి ఒక మెలిక పెట్టింది. "సరే పోనీ. ఏటేటా కలాసు మారతా పోవాల. ఒక్క ఏడు నిలిచిపోయిందా, రాట్నం ముందు కూసోవాల్సిందే. ఒప్పుకుంటావా?"

కుప్పయ్య మగ్గం మీద చెయ్యి వేసి ఒప్పుకున్నాడు. నేత పని చేసేవాడికి అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

పుస్తకం ఇంటికొచ్చింది సరిగ్గా దసరా ముందు. ఆయుధపూజ నాడు మగ్గానికి, నాడెకు, రాట్నానికి పసుపు కుంకుమలు పెడతారు. ఆరోజు పని ముట్టరు. పుస్తకాలున్న ఇళ్లలో పుస్తకాలు కూడా పూజలో పెట్టి ఆరోజు చదవరు. మర్నాడు విజయదశమికి అన్నీ దించి, మంచి గడియ చూసి మళ్లీ మొదలుపెడతారు. కుప్పయ్య విజయదశమి పొద్దున మగ్గం కదిలించాడు, నాడె ఆడించాడు. పుస్తకాన్ని మాత్రం గూట్లోంచి దించలేదు.

"అది సదివేదానికి గదా తెచ్చినావు?" అంది భార్య మునిరత్నమ్మ, నూలుకు పెట్టే గంజి కలుపుతూ.

"వచ్చి కూసున్న తల్లిని లెయ్ అంటామా? సదువు వంటబట్టాలంటే ముందు ఆయమ్మ దయ ఉండాల."

ఇంట్లో కొత్త చట్టాలు వచ్చాయి. తల స్నానం చేయకుండా పుస్తకం ముట్టరాదు. రంగు అంటిన చేత్తో ముట్టరాదు. గంజి అంటిన చేత్తో అసలే ముట్టరాదు. తిరుమల చేతులు చూస్తే పొద్దున ఎర్రనూలు కండెలు చుట్టి ఎర్రగా, సాయంత్రం నీలం చుట్టి నీలంగా ఉంటాయి. ఎంత తోమినా పోయే రంగులా అవి? శుక్రవారం మాత్రం పుస్తకానికి విడుదల. అది కూడా కుప్పయ్యే దించి, మొదటి పేజీ తెరిచి, కర్పూరం వెలిగించి, కూతుర్ని దండం పెట్టుకోమనేవాడు. ఒకసారి తిరుమల దండం పెట్టుకుంటూనే గబగబా ఒక వరుస మీద వేలు పెట్టబోయింది. "కర్పూరం అయిపోతాది, కండ్లు మూసుకో పాపా," అని కుప్పయ్య పుస్తకం మూసేశాడు.

బళ్లో టీచరమ్మ సంతోషమ్మ. చిత్తూరు నుంచి వచ్చిన మనిషి, క్రైస్తవురాలు. పిల్లల్ని కొట్టదని వీధిలో కొంచెం అనుమానంగా కూడా చూసేవారు. ఆవిడ ఒకసారి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, "పిల్లోళ్లను బడికి పంపించేస్తే మీ పని అయిపోలేదప్పా. ఇంటికి వచ్చినాక కొంచేపు పక్కన కూసోండి, ఈ పొద్దు ఏం నేర్చుకున్నావని అడగండి," అని. కుప్పయ్య ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. రోజూ సాయంత్రం అడిగేవాడు.

"సదివినావా పాపా?"

"సదివినా నాయనా."

అంతే. తండ్రి బాధ్యత తీరిపోయినంత తృప్తిగా మళ్లీ నాడె అందుకునేవాడు. పుస్తకం కొన్నాడు, పూజ చేస్తున్నాడు, అడగమంటే అడుగుతున్నాడు. ఇంతకంటే ఏ తండ్రి ఏం చేస్తాడు?

చలి తగ్గే రోజుల్లో బడికి ఇనస్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చోవాలని సంతోషమ్మ పిలుపు. కుప్పయ్య ఉతికిన పంచె కట్టి, తలకు పాగా చుట్టి, అందరికంటే ముందు పోయి ముందు వరసలో కూర్చున్నాడు. వెనకే దేవకమ్మ కూడా వచ్చింది. మనవరాలి మీద ప్రేమతో కాదు, ఒప్పందానికి సాక్షిగా.

ఇనస్పెక్టరు లావుపాటి మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. ముందు శెట్టిగారి అమ్మాయి వసంత చేత చదివించాడు. ఫరవాలేదనిపించింది. ఆ పుస్తకమే తిరుమల చేతికిచ్చాడు. తిరుమల దాన్ని తలకిందులు చేసి పట్టుకుంది.

"తప్పుగా పట్టుకున్నావు తల్లీ," అని ఆయన తిప్పి ఇచ్చాడు.

తిరుమల మర్యాదగా తీసుకుని మళ్లీ తలకిందులు చేసింది. చేసి, గుక్క తిప్పుకోకుండా గడగడా చదవడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం జారలేదు. ఇనస్పెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వంగి ఒకసారి, మెడ వంచి ఒకసారి చూశాడు. ఇంకో పాఠం తీసిచ్చాడు, అదీ అంతే. గదంతా నవ్వులతో గొల్లుమంది. కుప్పయ్యకు ఎందుకు నవ్వుతున్నారో ముందు అర్థం కాలేదు. కూతురు అంత బాగా చదువుతుంటే మెచ్చుకుంటున్నారనుకుని తనూ నవ్వాడు.

"ఇప్పుడు తిన్నగా పట్టుకుని చదువు," అన్నాడు ఇనస్పెక్టరు.

తిరుమల తిన్నగా పట్టుకుంది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. రోజూ పలకరించే మనుషులే ముసుగేసుకుని నిలబడ్డట్టు చూసింది వాటిని. ఒక మాట కూడబలుక్కుంది, రెండో మాట తప్పింది, మూడోదానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కుప్పయ్య నవ్వు అప్పుడాగింది.

ఇనస్పెక్టరు చెడ్డవాడేం కాదు. "చదువు వచ్చు ఈ పిల్లకు, సందేహం లేదు. కాని లోకమంతా ఈమె కోసం పుస్తకాలు తిప్పి అచ్చువేయదు కదా. ఎండాకాలం సెలవులకు ముందు మళ్లీ వస్తాను. అప్పటికి తిన్నగా చదివితే నాలుగో తరగతి. లేదంటే మూడులోనే ఉంటుంది," అన్నాడు.

దేవకమ్మ లేచి చెంగు దులుపుకుంది. బయటికొచ్చాక ఒకే మాటంది. "రాట్నానికి నూనె పెట్టాల."

ఆ మాటకు కుప్పయ్యకు ఒళ్లు మండింది. తల్లి మీద కోపం చూపలేక టీచరమ్మ మీదికి పోయాడు. పిల్లలంతా వెళ్లిపోయారు, తిరుమల ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏం టీచరమ్మా, బిడ్డను నీ సేతుల్లో పెడితే తలకిందుల సదువు సెప్పినారే?"

సంతోషమ్మ కూడా ఆ పొద్దు తలెత్తుకోలేకుండా ఉంది. "నా తప్పు కూడా ఉండాది కుప్పయ్యా. పుస్తకం వసంతది. ఆ పిల్లకు ఒకపక్క గోడ, ఒకపక్క ఇంకో పిల్ల. ఖాళీ ఎదురుగానే ఉంటే తిరుమలను ఆడ కూచోబెట్టినాను. ఒకటో తరగతి నుంచీ అటువైపు నుంచే చూసి చూసి నేర్చుకున్నాది. అందరితో కలిసి చదివేటప్పుడు నోరు చూసినాను గాని, కండ్లు ఎటు చూస్తా ఉండాయో చూడలేదు. పుస్తకం కొనే వీలు లేని పిల్లోళ్లను ఏం చేసేది చెప్పండి?"

"వీలు లేకపోవడమా?" కుప్పయ్య ఛాతీ ముందుకొచ్చింది. "మా ఇంట్లో ఉండాదమ్మా పుస్తకం! మా ఈదిలో ఇంకెవురికి ఉండాది?"

సంతోషమ్మ తిరుమల వంక చూసింది. "ఉందా? నాకెప్పుడూ చెప్పలేదేమే?"

తిరుమల కాలి బొటనవేలితో నేల గీసింది. "అది పూజ పుస్తకం టీచరమ్మా."

"వచ్చి సూడండి, ఎంత బద్రంగా పెట్టినానో," అని కుప్పయ్య ముందు నడిచాడు.

సంతోషమ్మ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. గూట్లో వేంకటేశ్వరస్వామి పటం, ఆయన పక్కన వాచకం. అట్ట మీద పసుపు ఎండిపోయి, కుంకుమబొట్టు ముదిరి, పైన ఆ పొద్దుటి బంతిపువ్వు. మునిరత్నమ్మ గంజి కుండ దించి పక్కకు వచ్చి నిలబడింది. కుప్పయ్య కాళ్లూ చేతులూ కడుక్కుని పుస్తకం దించి చూపించాడు. మొదటి పేజీ తప్ప మిగతావన్నీ ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.

"ఒక్క మరక ఉండాదేమో సూడండి టీచరమ్మా."

సంతోషమ్మ నవ్వలేదు. చేతిసంచీలోంచి నల్లట్ట పుస్తకం ఒకటి తీసింది. అంచులు చిరిగాయి, మూలలు గుండ్రంగా అరిగాయి. లోపల పెన్సిలు గీతలు, ఒక పేజీ మీద చారు మరక, అట్ట మీద ఏ పసిబిడ్డో కొరికిన పంటి గుర్తులు.

"ఇది మా దేవుని పుస్తకం," అంది. "మా అమ్మ చదివినాది, నేను చదవతా ఉండాను. ఈ పండ్లు నావే, చిన్నప్పటివి."

కుప్పయ్య నోరు తెరిచాడు. "దేవుని పుస్తకాన్నా ఇట్ల సేసినారు? మీ దేవుడు ఏమీ అనుకోడా?"

"ముట్టకుండా పెడితే అనుకుంటాడేమో. సరే, మీ లెక్కే చూద్దాం. దసరాకు మగ్గానికి కూడా పూజ చేసినారు కదా. మర్నాడే ఎందుకు కదిలించినారు? పూజ చేసిన మగ్గం కదా, అట్లే ఉంచకూడదా?"

"ఉంచితే ఎట్లమ్మా? ఆడించకపోతే గుడ్డ యాడి నుంచి..."

కుప్పయ్య గూడు వంక చూశాడు, కూతురి వంక చూశాడు. ఒకప్పుడు బడి వినపడే దూరంలో ఉండి పోలేని పిల్లవాడు తను. పుస్తకం కనపడే దూరంలో ఉండి ముట్టుకోలేని పిల్లను తయారుచేసిందీ తనే. తన తండ్రి కనీసం కూటికి లేక ఆ పని చేశాడు. తను భక్తితో చేశాడు. కుప్పయ్య కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకు సెప్పలేదు పాపా నాతో?"

"నువ్వు అందర్నీ పిలిచి సూపిస్తా ఉంటివి గదా నాయనా," అంది తిరుమల.

కుప్పయ్య కర్పూరం వెలిగించి, తప్పయిందని చెంపలు వేసుకుని, పుస్తకాన్ని కూతురి చేతికిచ్చాడు. పొద్దున చుట్టిన ఎర్రనూలు రంగు ఇంకా ఆ వేళ్లకుంది. తిరుమల పావడాకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది, తీసుకోవడానికి జంకింది.

"పట్టుకో," అన్నాడు గట్టిగా.

పట్టుకుంది. అట్ట మీద ఎర్రటి బొటనవేలి ముద్ర పడింది. కుప్పయ్య పళ్లు బిగపట్టాడు. మునిరత్నమ్మ మాత్రం పకపకా నవ్వింది. "పడిందిలే, అమ్మవారికి పారాణి!"

అంతవరకూ బాగానే ఉంది. కుప్పయ్యకు అసలు చిక్కు అప్పుడే తట్టింది. "నాకు అచ్చరమే రాదు గదా టీచరమ్మా. పక్కన కూసోని నేనేం సేసేది? మళ్లా తలకిందులు పట్టుకుంటే నాకెట్ల తెలస్తాది?"

"కూసోండి, వినండి. అర్థం కాకపోతే అడగండి, ఆ పిల్ల చెప్తాది. తలకిందుల సంగతి అంటారా..." సంతోషమ్మ ఆలోచించింది. ఆవిడ ఆలోచిస్తుండగానే మునిరత్నమ్మ కుంకుమ భరిణె తెచ్చింది.

"మనిసికి బొట్టు యాడ పెడతాం? నుదుట. దీనిగ్గూడా ఆడే పెట్టండి."

సంతోషమ్మ ప్రతి పాఠానికీ పైభాగం ఎక్కడో చూపించింది, కుప్పయ్య అక్కడ చిటికెన వేలితో చిన్న బొట్టు పెట్టాడు. పుస్తకం పూర్తయ్యేసరికి అది పేరంటానికి తయారైన ముత్తైదువలా ఉంది.

మర్నాటి నుంచి కుప్పయ్య ఇంట్లో బడి మొదలైంది. కుప్పయ్య గుంటలో కూర్చుని నేస్తాడు. గుంట అంచున ఎదురుగా తిరుమల రాట్నం పెట్టుకుని కండెలు చుడుతుంది. ఇద్దరికీ మధ్య పీట మీద పుస్తకం, బొట్టు తండ్రి వైపుకు. అంటే తిరుమలకు తిన్నగా అన్నమాట. మొదట్లో ఆ పిల్లకు ప్రాణం మీదికొచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని, విసుగొచ్చి, తండ్రి నాడె వైపు చూస్తున్నప్పుడు చల్లగా పీట తిప్పేసేది. తిప్పగానే పాఠం గడగడా పరుగెత్తేది. కుప్పయ్య తలెత్తి చూసేవాడు. బొట్టు కూతురి వైపు పోయి ఉండేది.

"బొట్టు!"

తిరుమల పీట మళ్లీ తిప్పేది. కొంచెంసేపటికి మళ్లీ, "బొట్టు! బొట్టు!" వీధిలో పోయేవాళ్లు మొగుడూ పెళ్లాలు దేనికో పోట్లాడుకుంటున్నారనుకుని నిలబడి చూసేవారు.

పాఠాల్లో ఒకటి ముసలెద్దు కథ. సంతలో తప్పిపోయిన ఎద్దు వాసన పట్టుకుంటూ యజమాని ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. కుప్పయ్య నాడె ఆపి వినేవాడు.

"కత ఇనేదానికి సెవులు సాలు గదా, సేతులెందుకు ఆపినావు?" అని మునిరత్నమ్మ మందలించేది.

ఆయన అడిగే ప్రశ్నలకు అంతుండేది కాదు. "ఏరు దాటినప్పుడు నీళ్లు ఎద్దుకు యాడి దాకా వచ్చినాయి?"

"పుస్తకంలో లేదు నాయనా."

"లేకపోతే ఏం, నువ్వు సెప్పు."

తిరుమల రాట్నం ఆపి ఆలోచించేది. కడుపు దాకా అనేది. ఎందుకంటే ఆపై వరుసలో ఎద్దు తోకలోంచి నీళ్లు కారినట్టు ఉందనేది. అలా లేనిది ఉన్నదాంట్లోంచి లాగడం అలవాటైంది. బళ్లో కూడా సంతోషమ్మ అడగకముందే ఈ పిల్ల చెయ్యి లేచేది.

దేవకమ్మ ఈ బాగోతంతో తనకేం సంబంధం లేదన్నట్టు అరుగు మీద కూర్చునేది. రోజురోజుకీ అరుగు మీంచి గడపకు, గడప మీంచి గోడవారకు జరిగింది. ఒకనాడు ఎద్దు అడవిదారి పట్టి, వెనకాల ఏదో చప్పుడు విన్నచోట పేజీ అయిపోయింది. తిరుమల ఒక చేత్తో రాట్నం తిప్పుతోంది, ఇంకో చేత్తో పోగు పట్టుకుంది.

"అవ్వా, కొంచెం పేజీ తిప్పవా?"

"నాకేం పనిలేదా?" అంది దేవకమ్మ. రాట్నం తిరుగుతోంది, నాడె ఆడుతోంది. దేవకమ్మ కాసేపు చూసింది. ఇంక ఉండబట్టలేక వేలు తడి చేసుకుని, పేజీ తిప్పి, "పులా?" అంది.

"కుందేలు అవ్వా."

"ఈమాత్రం దానికా ఇంత బయపెట్టినావు?" అని ముసలమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆనాటి నుంచి పేజీలు తిప్పే ఉద్యోగం ఆమెదే. ఒప్పందం మాత్రం వదల్లేదు. ఎద్దు ఇల్లు చేరిందని కళ్లు తుడుచుకున్న రోజు కూడా, "ఇనస్పెట్టరు వచ్చినాడంటే తెలస్తాదిలే," అంటూనే ఉంది.

ఆ మాట వింటే కుప్పయ్య చేతిలో నాడె జారేది. ఒట్టు తనది. తప్పితే మగ్గం మీద చెయ్యి వేసే అర్హత పోతుంది, నిలబెట్టుకుంటే కూతురు బడి పోతుంది. మగ్గం ఆగినప్పుడల్లా కూతురి పెదాల వైపూ, పీట మీది అక్షరాల వైపూ మార్చి మార్చి చూసేవాడు. ఒకసారి తిరుమల ఒక మాట దగ్గర తడబడితే, గుంటలోంచి ఆయనే అందించాడు. విని విని కంఠతా పట్టుంటాడని మునిరత్నమ్మ అనుకుంది.

ఎండలు ముదిరాయి. ఇనస్పెక్టరు అన్నమాట ప్రకారం వచ్చాడు. ఈసారి కుప్పయ్య ముందు వరసలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పక్కన మునిరత్నమ్మ, తలుపు దగ్గర దేవకమ్మ.

"ఏమ్మా, తలకిందుల అమ్మాయీ, రా," అన్నాడు ఇనస్పెక్టరు. తన వెంట తెచ్చుకున్న పుస్తకం, ఎప్పుడూ చూడనిది, తెరిచి ఇచ్చాడు.

తిరుమల దాన్ని పట్టుకుని బొట్టు కోసం వెతికింది. బొట్టు లేదు. పుస్తకాన్ని ఒకవైపు తిప్పబోయింది. కుప్పయ్య గుప్పిళ్లు బిగుసుకున్నాయి. నోటిదాకా వచ్చిన "బొట్టు" అనే మాటను మింగేశాడు. తిరుమల చెయ్యి ఆగింది. కళ్లు మూసుకుని, పేజీ పైభాగాన, బొట్టు ఉండాల్సినచోట వేలు ఆనించింది. కళ్లు తెరిచి తిన్నగా చదవడం మొదలుపెట్టింది.

గడగడా కాదు. నిదానంగా, మాటను మాటకు అతుకుతూ చదివింది. ఒకచోట ఆగింది, తనే సరిదిద్దుకుని ముందుకు పోయింది. చివరి వరుస అయ్యాక ఇనస్పెక్టరు నాలుగు ప్రశ్నలడిగాడు. పుస్తకంలో లేనిదాన్ని కూడా చెప్పింది. ఆయన కలం తీసి పేరు పక్కన ఏదో రాసి, "నాలుగో తరగతి," అన్నాడు.

కుప్పయ్య గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. మునిరత్నమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. పదిమందిలో అలా పట్టుకోవడం ఆ ఊళ్లో ఆడవాళ్లకు అలవాటు లేదు. అయినా వదల్లేదు.

"ఇంటి దగ్గర ఎవరు చదివించారు? ఏమయ్యా, నీకు చదువొచ్చా?" అన్నాడు ఇనస్పెక్టరు.

"రాదు సామీ. మగ్గం పని మాది."

"వస్తాది సార్!" అంది తిరుమల. "మా నాయనకు వస్తాది!"

ఇనస్పెక్టరుకు సరదా పుట్టి పుస్తకాన్ని కుప్పయ్య చేతిలో పెట్టాడు. కుప్పయ్య దాన్ని పట్టుకుని కళ్లప్పగించి చూశాడు. ఒక్క అక్షరం గుర్తుపట్టలేకపోయాడు. నుదుట చెమట పట్టింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"అట్ల గాదు నాయనా," అంది తిరుమల. పుస్తకం తీసుకుని నేల మీద పరిచింది. ఇటువైపు తను కూర్చుంది, అటువైపు తండ్రిని కూర్చోబెట్టింది. పుస్తకం కూతురికి తిన్నగా ఉంది. తండ్రికి తలకిందులుగా ఉంది, రోజూ గుంటలోంచి చూసినట్టే.

కుప్పయ్య వేలు పెట్టాడు. ఒక్కో అక్షరం కలుపుకుంటూ, ఒక మాట చదివాడు. ఇంకో మాట చదివాడు. మునిరత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సంతోషమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

"ఈణ్ణి గూడా ఏదో ఒక కలాసులో ఏసుకోండి సామీ," అంది దేవకమ్మ తలుపు దగ్గర్నుంచి. "కండెలు నేను సుట్టుకుంటాలే."

ఇనస్పెక్టరు కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాడు. కుప్పయ్య తలెత్తలేదు. వీధిలో ఎవరిదో మగ్గం ఆడుతున్న చప్పుడు కిటికీలోంచి వస్తోంది. చిన్నప్పటి నుంచీ మగ్గం గుంటలో కూర్చుని బడి చప్పుడు విన్నవాడు, మొదటిసారి బళ్లో కూర్చుని మగ్గం చప్పుడు వింటున్నాడు. వింటూనే చదువుతున్నాడు. ఇటు నుంచి కూతురు, అటు నుంచి తండ్రి, ఒకే వరుస మీద రెండు వేళ్లు నడిచి నడిచి పేజీ చివరికొచ్చాయి.

దేవకమ్మ లేచి వచ్చి, వేలు తడి చేసుకుని, పేజీ తిప్పింది.